ఊరికే రాని గాలి

గాలికి ఖరీదు లేదని చెప్పేవాళ్లు మా అపార్ట్‌మెంటు కరెంటు బిల్లు ఒకసారి చూడాలి. లిఫ్టులు, మెట్ల మీద దీపాలు, బోరు మోటార్లు సరే, బేస్‌మెంటులో ఒక మూల ఉన్న మురుగునీటి శుద్ధి కేంద్రం కూడా ఆ బిల్లులో పెద్ద వాటాదారే. దాన్ని అందరం ఎస్టీపీ అంటాం. అది తినే కరెంటులో సగానికి పైగా ఒకే ఒక్క పనికి పోతుంది: బయట ఊరికే తిరుగుతున్న గాలిని పట్టి తెచ్చి నీళ్లలోకి నెట్టడం. బ్లోయర్ అనే యంత్రం ఆ పని మీద రాత్రీ పగలూ గుర్రు పెడుతూనే ఉంటుంది. బెంగళూరులో పెద్ద అపార్ట్‌మెంట్లు తమ మురుగు తామే శుద్ధి చేసుకోవాలన్నది నియమం. అంచేత సర్జాపుర రోడ్డు మీదా వైట్‌ఫీల్డ్‌లోనూ ఎన్నో కుటుంబాలు ఈ గుర్రు మీదే నిద్రపోతున్నాయి.

సంఘం సమావేశంలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా ఆ బ్లోయర్ ఆపేస్తే పోలేదా? బోలెడు మిగులుతుంది." ప్రశ్న సబబైనదే. ట్యాంకు పైన గాలి ఉంది, పక్కన గాలి ఉంది. కావలసిన వస్తువు అంగుళం దూరంలో ఉండగా దానికి మోటారు పెట్టి మోయించడం ఏమిటి? నీళ్లకు కావాలంటే అవే పీల్చుకోవచ్చుగా?

పీల్చుకోలేవు. గాలి దగ్గర నీళ్లు మహా పిసినారివి. ఈ ఊళ్లో ఒక లీటరు గాలిలో సుమారు 250 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 25 డిగ్రీల వేడిలో ఉన్న లీటరు మంచినీళ్లు ఎంత తాగినా ఏడున్నర మిల్లీగ్రాములకు మించి పట్టుకోలేవు. సముద్రం ఒడ్డునున్న మచిలీపట్నంలో అయితే ఎనిమిది దాటేది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున కూర్చుంది కనుక ఇక్కడ గాలి పలచన, నీటికి దక్కే వాటా కూడా ఆ మేరకు తక్కువ. పట్టుకున్న ఆ కాస్తయినా కిందికి దిగుతుందా అంటే, నిలవ నీటిలో ఆక్సిజన్ నడక గాలిలో కంటే పదివేల రెట్లు నెమ్మది. ఏ కదలికా లేని నీటిలో అది ఒక సెంటీమీటరు దిగడానికి గంటలు పడుతుంది. మీటరు దిగాలంటే ఏళ్లు. అంటే చెరువు పైపొర హాయిగా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది, అదే చెరువు అడుగున ప్రాణి ఉక్కిరిబిక్కిరవుతూ ఉంటుంది. మధ్యలో అడ్డుగోడ ఏమీ లేదు, కదలిక లేదంతే.

కాబట్టి ఏరేషన్ అనే పని సారమంతా కదపడమే. బుడగలు పంపినా, రెక్కలతో చిలికినా, ఎత్తు నుంచి దూకించినా, గాలికి కొత్త నీటిని చూపించడం, ఆ నీటిని పక్కకు జరిపి మరో కొత్త నీటిని తెచ్చి చూపించడం. ఊళ్లో ఏ రంగం వాళ్లని కదిపినా ఈ పని ఏదో ఒక రూపంలో చేస్తూనే కనిపిస్తారు. దర్శిని హోటల్లో కాఫీ కలిపేవాడు గ్లాసునుంచి డబరాకి మూరెడు ఎత్తున పోసి నురగ తెస్తాడు. కాఫీ తాగే వేడికి దిగుతుంది, పాలూ డికాషనూ కలుస్తాయి. 2024 మార్చిలో నగరం నీటి కరువుతో అల్లాడినప్పుడు జలమండలి కుళాయిలకు ఏరేటర్లు బిగించాలని హోటళ్లకూ మాల్‌లకూ హుకుం జారీ చేసింది. చిన్న జల్లెడ మూత అది. ధారలో గాలి కలుపుతుంది, తక్కువ నీళ్లతోనే చెయ్యి నిండుగా తడిసినట్టు ఉంటుంది. అక్కడ గాలి నీళ్ల బదులు వచ్చింది. మా ట్యాంకులో మాత్రం ప్రాణాల కోసం వస్తుంది.

మా ఎస్టీపీ చూసుకునే కుర్రాడి ఊరు చింతామణి. తెలుగూ కన్నడమూ ఒకే వాక్యంలో సర్దేస్తాడు. రోజూ పొద్దున్నే ఏరేషన్ ట్యాంకులోంచి ఒక లీటరు నీళ్లు ముంచి, గీతలున్న పొడుగాటి కొలజాడీలో పోసి, కదలని చోట పెట్టి, ఫోనులో అరగంటకు అలారం పెడతాడు. పోసినప్పుడు జాడీ నిండా ఒకటే గోధుమరంగు బురద. రెండు మూడు నిమిషాలకు ఆ బురదలో పొడిపొడిగా ఉన్నది తునకలుగా చేరడం మొదలవుతుంది. తునకలు ఒకదాన్నొకటి పట్టుకుని బరువెక్కి దిగుతాయి. పైన ఒక గీత ఏర్పడుతుంది. గీతకు పైన తేట, కింద మడ్డి. ఆ గీత చూస్తూ ఉండగానే మెల్లగా కిందికి జారుతుంది. అరగంటకు మడ్డి మూడు వందల గీత దగ్గర ఆగితే కుర్రాడి మొహం విప్పారుతుంది. పైనున్న నీళ్లలోంచి అవతలి గోడ మీద రాసిన అక్షరాలు చదవచ్చు. నిన్న రాత్రి ఇన్ని వంటిళ్లనుంచి, ఇన్ని స్నానాల గదులనుంచి దిగిన నీళ్లవి.

"వాసన చూడండి మేడమ్," అంటాడు జాడీ నా వైపు జరిపి. "మట్టి వాసన వస్తే బతికుండాది అని లెక్క. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి అందలేదని లెక్క. అప్పుడు రంగు కూడా నల్లగా తిరిగిపోతాది."

ఆ మడ్డి ఉత్త మట్టి కాదు. కోట్ల సూక్ష్మజీవుల కాపురం. గాలి అందినంత సేపూ అవి మురుగును తిని బతుకుతాయి. లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలబెడితే చాలు, వాటికి తృప్తే. బ్లోయర్ ఆగిందా, ఉన్న కాస్తా నిమిషాల్లో ఊడ్చేస్తాయి. ఆపైన గాలి అక్కరలేని మరో జాతి పెత్తనం మొదలవుతుంది. వాటికి ఆక్సిజన్ బదులు సల్ఫేటు చాలు. దానితో సరిపెట్టుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. గుడ్డు వాసన దానిదే. రాత్రి ఆరు గంటలు మోటారు ఆపి మిగుల్చుకున్న డబ్బు, మర్నాడు ముక్కులు మూసుకుని ఫోన్లు చేసే మొదటి అంతస్తువాళ్లకు జవాబు చెప్పడానికే చాలదు.

మడ్డిని ఇలా చూడటం మనుషులకు మొదటినుంచీ తెలిసిన విద్య కాదు. మురుగులోకి గాలి ఊదితే మేలు జరుగుతుందని పందొమ్మిదో శతాబ్దంలోనే ప్రయత్నాలు జరిగాయి. ఫలితం అంతంతమాత్రం. 1912లో గిల్బర్ట్ ఫౌలర్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త అమెరికాలోని లారెన్స్ ప్రయోగశాలకు వెళ్లి అక్కడి ప్రయోగాలు చూసి, మాంచెస్టరు తిరిగొచ్చి ఎడ్వర్డ్ ఆర్డర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరికి ఆ పని అప్పగించాడు. వాళ్లు సీసాల్లో మురుగు పోసి, పాచి పట్టకుండా చుట్టూ మందపాటి కాగితం చుట్టి గాలి ఊదారు. మొదటి విడత నీరు పూర్తిగా శుద్ధి కావడానికి సుమారు ఐదు వారాలు పట్టింది. ఇంతసేపు పట్టే పద్ధతి ఏ ఊరికీ పనికిరాదు.

అప్పుడు వాళ్లు చేసిన పని చాలా చిన్నది. తేరిన నీళ్లు వంపేశారు. అడుగున మిగిలిన మడ్డిని పారబోయకుండా సీసాలోనే ఉంచి, దాని మీద కొత్త మురుగు పోసి మళ్లీ గాలి ఊదారు. ఈసారి తొందరగా తేరింది. మళ్లీ వంపారు, మళ్లీ మడ్డిని ఉంచారు. విడత విడతకూ మడ్డి పెరిగింది, పట్టే కాలం తరిగింది. చివరికి ఐదు వారాల పని ఒక్క రోజులోపు పూర్తయింది. 1914 ఏప్రిల్ 3న మాంచెస్టరులో వాళ్లు చదివిన పత్రం ఈనాటికీ ప్రపంచంలోని మురుగు శుద్ధి కేంద్రాల్లో చాలావాటికి మూలం. మా బేస్‌మెంటు దానికి మనవరాలి వరస.

వరస అని ఊరికే అనలేదు, చుట్టరికం నిజంగానే ఉంది. రెండేళ్లకు, 1916లో, అదే ఫౌలర్ బెంగళూరు వచ్చి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే ఇప్పటి భారతీయ విజ్ఞాన సంస్థలో, ఆచార్యుడిగా చేరాడు. మడ్డి మీద పరిశోధన ఆయనతోపాటే మల్లేశ్వరం పక్కకు చేరింది. పాతికేళ్ల తర్వాత అదే సంస్థలో ఎస్.సి.పిళ్లై, వి.సుబ్రహ్మణ్యన్ అనే ఇద్దరు మరో సంగతి పట్టుకున్నారు. నీళ్లు అంత తేటపడటానికి కారణం బ్యాక్టీరియా ఒక్కటే కాదని, వాటికంటే పెద్దవైన ప్రోటోజోవా పాత్ర చాలా ఉందని 1942లోనూ 1944లోనూ 'నేచర్' పత్రికలో రాశారు. సన్నని కాడ మీద గంట ఆకారంలో నిలబడి చుట్టూ నీటిని సుడి తిప్పుకుంటూ విడివిడిగా తేలే బ్యాక్టీరియాను మింగే జీవులవి. ఆ సుబ్రహ్మణ్యన్ గారే తరవాత మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు మొదటి డైరెక్టరయ్యారు. మా చింతామణి కుర్రాడి దగ్గర మైక్రోస్కోపు లేదు. జాడీలో పైనీళ్లు అద్దంలా ఉంటే గంటజీవులు తమ పని చేశాయని అతని ముక్కూ కళ్లే చెబుతాయి.

ఇంతకంటే ఎక్కువ ఖర్చుతో, ఎక్కువ భయంతో గాలి పెట్టేవాళ్లు మా సొంత జిల్లాలో ఉన్నారు. మా పెదనాన్నగారి అబ్బాయికి ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. చెరువుకు నాలుగు మూలలా ఏరేటర్ల చక్రాలు నీళ్లను కొడుతూ ఉంటాయి. పగలు ఎండ ఉన్నంత సేపూ నీటిలోని పాచి ఆక్సిజన్ తయారుచేస్తుంది కనుక రైతుకు నిశ్చింత. పొద్దుగూకాక ఆ పాచే ఆక్సిజన్ పీల్చడం మొదలుపెడుతుంది. రొయ్యలూ పీలుస్తాయి, అడుగున కుళ్లే మేతా పీలుస్తుంది. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు నిల్వ అట్టడుగుకు వస్తుంది. కరెంటు పోవడానికి అదే ముహూర్తం దొరికితే, జనరేటరు అందుకోవడం కాస్త ఆలస్యమైతే, మూడు నెలల పంట తెల్లారేసరికి గట్టు పక్కన తేలుతుంది. మా వాడు బెంగళూరు వచ్చి మా ఇంట పడుకున్నప్పుడు బేస్‌మెంటు బ్లోయర్ గుర్రు విని "అబ్బ, ప్రాణం కుదుటపడింది అక్కా" అన్నాడు. మాకు చిరాకు పుట్టించే చప్పుడు వాడికి జోలపాట. అది ఆగితేనే వాడికి మెలకువ.

నేల సంగతీ ఇంతే. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి తన ఊపిరి తానే తీసుకుంటుంది. వరి మడుగులో నిలబడి కూడా బతికేది దాని కాడల్లో గాలి గొట్టాలుండి ఆకులనుంచి వేళ్లకు గాలి మోస్తాయి కాబట్టి. ఆ గొట్టాలున్నా నిలవ నీళ్లలో వేళ్లకు గాలి కరువేనని, నీరు పెట్టి ఆరబెట్టి, వరసల మధ్య వీడరు నడిపి మట్టిని కదిలిస్తే వేరు తెల్లగా లోతుగా దిగుతుందని 'శ్రీ' వరి సాగు పద్ధతి చెప్పింది. 2003లో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్ని తెలుగు పొలాల్లోకి తెచ్చింది. వీడరు కలుపు తీసే పనిముట్టనే రైతులు కొన్నారు. కలుపును మట్టిలో కలిపేస్తూ అది చేసే రెండో పని గాలి పెట్టడం.

ఇలా చెప్పుకుంటూ పోతే కదపడం ఎప్పుడూ మంచిదే అనిపిస్తుంది. ఆ మాట బెళ్లందూరు అలుగు దగ్గర నిలబడి అనలేం. నగరంలోకెల్లా పెద్ద చెరువది. ఏళ్ల తరబడి సబ్బునీళ్లతో నిండిన మురుగు అందులోకి దిగింది. అలుగు దగ్గర ఆ నీరు దూకినప్పుడల్లా గాలి పుష్కలంగానే కలిసింది. కలిసిన గాలి నీళ్లలో కరగక సబ్బుపొరల్లో ఇరుక్కుంది. తెల్లటి నురగ మనిషెత్తు లేచి, గాలివాటుకు రోడ్డు మీదికొచ్చి స్కూటర్లవాళ్ల మొహాన పడింది. 2015 మేలో ఆ నురగ అంటుకుంది. 2018 జనవరిలో చెరువు మంటల్లో ఉంటే సైనికులు దిగాల్సి వచ్చింది. అటు అలసూరు చెరువులో 2016 మార్చిలో చేపలు వేలకు వేలు చచ్చి తేలాయి. ఒక చెరువులో గాలి అందక చావు, ఇంకో చెరువులో గాలి దొరికినా పట్టుకోలేక నురగ. రెండింటికీ తల్లి ఒకటే మురుగు.

మా ట్యాంకులో కూడా బ్లోయర్ మరీ జోరుగా నడిపితే మడ్డి తునకలు చిట్లిపోతాయి. చిట్లిన పొడి కిందికి దిగదు, నీళ్లు మసకగానే ఉంటాయి. కదలిక ఆగితేనే మడ్డి దిగుతుంది కనుక ఏరేషన్ ట్యాంకు పక్కనే తేర్చే ట్యాంకు ఒకటి ఉంటుంది. అక్కడ ఎవరూ ఏదీ కదపరు. గంటల తరబడి నీళ్లు అలా నిలబడాలి. తేరిన నీళ్లు పైనుంచి పొర్లి తోటలకూ ఫ్లష్‌లకూ వెళతాయి, అడుగున చేరిన మడ్డి పంపుతో మళ్లీ వెనక్కి, గాలి దగ్గరికి వెళుతుంది. పెద్ద ఎత్తున ఇదే పని చేసి, కోరమంగల-చల్లఘట్ట లోయలో శుద్ధయిన నీటిని 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. ఎండిన చెరువుల్లోకి నీళ్లు చేరడం చూసిన ఊళ్లలో చాలామంది మాట్లాడేది తెలుగే.

గాలి గురించి మాట్లాడుతూ గాలి లేనిచోటికి దిగేవాళ్లను దాటిపోకూడదు. మా ఊళ్లో పాత బావి పూడిక తీయాలంటే ముందు పెద్దవాళ్లు లాంతరు దించేవారు. దీపం కొండెక్కితే మనిషి దిగేవాడు కాదు. వేపకొమ్మల మోపు తాడుకు కట్టి పైకీ కిందికీ చేదుతూ బావిలో గాలి ఆడేలా చేసి, మళ్లీ దీపం దించి చూసేవారు. చదువులేని ఊరికి తెలిసిన ఆ జాగ్రత్త చదువుకున్న నగరానికి రాలేదు. 2018 జనవరిలోనే హెచ్ఎస్ఆర్ లేఅవుట్ దాపున ఒక అపార్ట్‌మెంటు ఎస్టీపీలో దిగి ముగ్గురు చనిపోయారు. మురుగుగుంతల్లోకి ఏ రక్షణా లేకుండా మనుషులను దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం కోసం పోరాడినవాళ్లలో ముందు నిలిచిన బెజవాడ విల్సన్ ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరంలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టిన మనిషి. 2016లో ఆయనకు మెగసెసె పురస్కారం వచ్చింది. మా సమావేశంలో బ్లోయర్ ఖర్చు గురించి గంట చర్చ జరుగుతుంది. ట్యాంకు కడిగే రోజు గ్యాస్ మీటరు తెచ్చారా, కొత్త గాలి పంపారా, మనిషి దిగకుండా పని కాదా అన్నది ఎవరూ అడక్కపోతే నేనైనా అడగాలని నియమం పెట్టుకున్నాను. నీళ్లలో సూక్ష్మజీవులకు ఊపిరాడటం కోసం లక్షలు పోసే ఇంట్లో ఆ నీళ్లలోకి దిగే మనిషికి ఊపిరి లెక్కలోకి రాకపోవడం కంటే పెద్ద మురుగు ఏముంది?

నిశ్చలంగా ఉండమని మనకు చిన్నప్పటినుంచీ చెబుతారు. గొడవపడని ఇల్లు మంచి ఇల్లు, ఎదురుచెప్పని కోడలు మంచి కోడలు. కదలని నీళ్ల లెక్క తెలిశాక నాకు ఆ మెచ్చుకోళ్ల మీద నమ్మకం పోయింది. కొత్త కాపురంలో మా ఇద్దరి మధ్య మొదటి అలక తీరడానికి వారాలు పట్టింది. మాట లేదు, వాసన ఉంది. తర్వాత మాటలు వచ్చాయి, మరీ ఎక్కువ వచ్చిన రోజుల్లో ఇల్లంతా నురగే తప్ప తేట లేదు. ఎప్పటికో తెలిసింది, అనవలసింది అనేశాక ఒక అరగంట ఎవరూ ఏమీ కదపకుండా ఉండాలని. ఇప్పుడు అదే తగాదా పొద్దున వస్తే మధ్యాహ్నం భోజనానికి తీరిపోతోంది. తగాదాలు చిన్నవైపోలేదు, మేమూ మరీ మంచివాళ్లమైపోలేదు. పాత తగాదాల అడుగున మిగిలినదాన్ని ఇద్దరం పారబోయకుండా ఉంచుకున్నాం. ఎదుటివాళ్లకు ఏ మాట ఎక్కడ తగులుతుందో, ఏది కోపమో ఏది అలసటో దాన్నిబట్టి తెలుస్తుంది.

'జరిగిందేదో జరిగింది, మర్చిపో' అనేవాళ్లు మంచి మనసుతోనే అంటారు. మర్చిపోతే ప్రతిసారీ ఐదు వారాలే పడుతుంది. గుర్తుంచుకుని మూత పెడితే నల్లబడి పగ అవుతుంది. గుర్తుంచుకోవాలి, దానికి గాలీ తగలనివ్వాలి. ఈ రెండో పని దానంతట అది జరగదు. ఎవరో ఒకరు లేచి ముందు నోరు విప్పాలి, ఆ శ్రమకు ఎప్పుడూ కొంత ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు దండగ కాదు.